మంచం కాడి మాట

నల్లగొండ,
28 సెప్టెంబరు 1948

గోవిందమ్మ వదినె గారికి గోపయ్య నమస్కారం.

యూనియన్ మిలిటరీ వచ్చిన తర్వాత నిజాం జైలు తలుపులు తీశారు. నేను బయటికి వచ్చాను. ఒంట్లో బాగానే ఉన్నది. బడి ఇంకా తెరవలేదు.

మీ చెల్లెలు కౌసల్య మీ ఇంట్లో ఉన్నదనుకొని కొల్లాపూర్‌కు బయలుదేరాను. వనపర్తిలో మీ ఊరి లారీ డ్రైవరు కనిపించి, ఆమెకు జ్వరమని, మీరు మిషన్ దవాఖానలో చేర్చారని చెప్పాడు. అటునుండి అటే అక్కడికి పోయాను. మిగతాది అక్కడ చెప్పారు.

నేను చూసినవి రాస్తున్నాను. మీకు తెలిసినవి మీరు రాయండి.

సమాధి దవాఖాన వెనుక మిషన్ వారి జాగాలో ఉన్నది. ఆ వారం దారులన్నీ బందై మన వాళ్లెవరూ రాలేదని, ఉంచలేక పూడ్చామని అన్నారు. చుట్టూ ఉన్న సమాధులన్నిటికీ సిలువలున్నాయి. ఆమెదానికి లేదు. ఒక రాయి మాత్రం నిలబెట్టారు. నేను వస్తానని తెలిసి సిలువ పీకేశారేమో. మట్టి కొత్తది కనుక పీకిన ఆనవాలు గుర్తు పట్టలేకపోయాను.

ఒక గుడ్డసంచి ఇచ్చారు. అందులో పుస్తెలు, మెట్టెలు, దువ్వెన ఉన్నాయి. ముత్తైదువగా పోయిన మనిషి ఒంటి మీది నుండి పుస్తెలు, మెట్టెలు ఎవరు తీశారు? నేను దువ్వెన చూస్తుంటే అక్కడి నర్సమ్మ, ఆఖరుకు అది అక్కరకు రాలేదు అన్నది. ఎందుకని అడిగాను. జుట్టు మొదలంటా కోశారట. డాక్టరమ్మను అడిగితే తాము కొయ్యమనలేదన్నారు. కోసింది జంగమ్మ అనే ఆమె. రోగుల మంచాల దగ్గర కూర్చొని, ధైర్యం చెప్పి, ప్రార్థన చేయడం ఆమె పని. దానికి మిషన్ జీతమిస్తుంది. నేను పోయిన రోజు ఆమె ఊళ్లో లేదు.

కౌసల్యకు బాప్తిస్మం ఇచ్చారా? ఇస్తే, మీకు తెలిసే ఇచ్చారా? దవాఖానలో చేర్చింది మీరు. వదిలి పోయింది కూడా మీరు.

శనివారం పెత్రమాస. కేతేపల్లిలో మా అమ్మ ఆమె పేరున బియ్యం ఇస్తానంటే మా పెద్దనాయిన వద్దన్నాడు. కిరస్తానంలో కలిసిన మనిషి మన పెద్దలలో కలవదట. ఆ బియ్యం మీద నాకు నమ్మకం లేదు. అయినా ఆమె ఎవరి మనిషిగా పోయిందో నాకు తెలియాలి.

గోపయ్య

*

కొల్లాపూర్,
9 అక్టోబరు 1948

మరిది గోపయ్యకు వదినె గోవిందమ్మ రాసే సంగతులు.

బాగనే ఉన్నమని రాయనీకి చెయ్యి వస్తలేదు. నువ్వు ప్రాణంతోటి వచ్చినవని సంతోషపడాల్నో, చెల్లె పోయిందని ఏడ్వాల్నో తెలుస్తలేదు. ఒక కన్ను నవ్వితె ఒక కన్ను ఏడుస్తున్నది.

ఎన్నడు లేంది ‘మీరు’, ‘మీకు’ అని రాసినవ్. మీ అన్న చదివి, వకీలు నోటీసు వచ్చిందని నవ్విండు. నాకు నవ్వు రాలె.

వదిలిపోయినవన్నవ్. అవ్, వదిలిన. రజాకార్లు ఇటు దిక్కు వస్తున్నరని పుకారు లేస్తె మీ అన్న బండి తోలిచ్చిండు. ఇంట్ల మంజులత ఒక్కతే ఉండె. ఎదిగిన బిడ్డెను చూసుకోవాల్నా, జ్వరమొచ్చిన చెల్లెను చూసుకోవాల్నా, నువ్వే చెప్పు. నువ్వు జేల్ల ఉంటివి. నీకేమన్న అయిందో ఏమో కబురు లేకపాయె. నీ ఫికరుతోనే దానికి జ్వరం ముదిరింది. గది నేనెవలిని అడగాలె?

గా జంగమ్మను నేను చూసిన. పొడుగు మనిషి, తెల్లచీర. మంచం పక్కన పీట ఏసుకొని కూసుంటది. ఏం మాట్లాడది. మాట్లాడేటోళ్లకైతె జవాబియ్యొచ్చు, ఊకె కూసున్నోళ్లకు ఏమిస్తం? కౌసల్య ఆమె చెయ్యి పట్టుకొని పండుకునేది. నేను చెయ్యిస్తె పట్టుకోలె. నేను బండెక్కే పొద్దున ఇద్దరు గుసగుస పెట్టుకుంటున్నరు. నేను పోంగనె చాలిచ్చిండ్రు.

ఇంకోటి అడుగుత, కోపం చెయ్యకు. నువ్వు కాలేజిల ఉన్నప్పుడు పాద్రి దొరలిచ్చిన సువార్త పుస్తకం మీ ఇంట్ల ఉండె. కౌసల్యకు అక్షరాలు నేర్పింది నువ్వే, గా పుస్తకంతోనే. మరి నువ్వే ముందుగాల దారి తీసి, గిప్పుడు నన్నడుగుతున్నవా? గోపయ్యకు దొరల బడిల నౌకరి మీద ఆశ ఉన్నదేమో అని మీ అన్న అంటున్నడు. నేనన్లె. మీ అన్న అన్నడు.

జుట్టు సంగతి చదివినంక అన్నం పోలె. మోకాళ్ల దాక ఉండె దానికి. మా అమ్మ ఆముదం పెట్టి పెంచిన జుట్టు. సవరాలు కట్టెటోళ్లకు గసొంటిది దొరికితె ఇడుస్తరా? గా ఆమె అమ్ముకున్నదని నా మనసు చెప్తున్నది.

పెత్రమాసనాడు అయ్యవారికి బియ్యం ఇచ్చుకుంట మా అవ్వ పేరు చెప్పిన, అమ్మ పేరు చెప్పిన. కౌసల్య పేరు నోటి దాక వచ్చింది. మీ అన్న నా దిక్కు చూసిండు. మింగిన.

నిజమేందో తెలుసుకొని రాయి. తెలిసి గుడ దాస్తున్నవంటె గది గుడ రాయి.

నీ వదినె
గోవిందమ్మ

*

నల్లగొండ,
25 అక్టోబరు 1948

వదినె గారికి,

నమస్కారం. మీ ఉత్తరం కవరు ఎవరో విప్పి మళ్లీ అంటించారు. ఈ మధ్య నల్లగొండకు వచ్చే ఉత్తరాలన్నీ ఇట్లాగే ఉన్నాయి. రజాకార్లు పోయారు, ఇప్పుడు కమ్యూనిస్టు సంఘపోళ్లకు ఎవరు అన్నం పెట్టారని మిలిటరీ అడుగుతున్నది. చూసి రాయండి.

సువార్త పుస్తకంతో చదువు నేర్పిన మాట నిజం. అందులో అచ్చు పెద్దది. అంతకు మించి ఏమీ లేదు. లింగస్వామి అన్నకు చెప్పండి, నాకు దొరల బడిలో నౌకరీ అక్కరలేదు.

దసరా తర్వాత మళ్లీ దవాఖానకు పోయాను. జంగమ్మను చూశాను. ఒక ముసలమ్మ మంచం పక్కన పీట మీద కూర్చొని ఉన్నది. మీరు రాసినట్టే, మాట్లాడడం లేదు. ముసలమ్మ నిద్రపోయేదాకా నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

కౌసల్య భర్తనని చెప్పాను. ఆమె లేచి, నన్ను తల నుండి పాదాల దాకా చూసింది, అంగట్లో ఎద్దును చూసినట్టు. చేతులు చూపమన్నది. ఎందుకో తెలియదు, చూపాను. జైల్లో కొట్టారా, అన్నం సయిస్తున్నదా, ఏనాడు విడిచారు, ఇంటికి చేరారా అని వరుసగా అడిగింది. పోలీసులు కూడా ఇన్ని అడగలేదు. నేను చెప్పిన ప్రతి జవాబుకూ తలాడించింది. ఎవరి కోసం ఇవన్నీ తెలుసుకుంటున్నదో నాకు అర్థం కాలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. బాప్తిస్మం ఇచ్చారా అన్నాను. ఇయ్యలె అన్నది. తీసుకొమ్మని అడిగావా అన్నాను. రెండుసార్లు అడిగిన, అడుగుడు నా పని అన్నది. కౌసల్య ఏమన్నది అంటే ముసలమ్మ దుప్పటి సర్దింది. జుట్టెందుకు కోశావంటే పీట పక్కకు జరిపింది. అది ఇప్పుడెక్కడ ఉన్నదంటే, ఉన్నది అన్నది.

“నేను ఆమె భర్తను” అన్నాను.

“అందుకే చెప్ప” అన్నది. “మంచం కాడ విన్న మాట మంచం కాడనే ఉంటది సారూ. రేపు మీరు గీ మంచంల పండితె మీ మాట గుడ ఎవ్వలకు చెప్ప.”

దాచేది లేకపోతే ఇంత కట్టుదిట్టం ఎందుకు? బాప్తిస్మం ఇవ్వలేదన్నది నిజమైతే మిగతావి చెప్పడానికి అడ్డమేమిటి?

నేను బయటికి వచ్చేసరికి ఆమె డాక్టరమ్మ గదిలో సెలవు అడుగుతున్నది. ఎన్నేళ్లుగానో ఒక్కరోజు కూడా అడగని మనిషి అని గేటు దగ్గరి ముసలాయన ఆశ్చర్యపోయాడు. ఎక్కడికని విచారించాను. కొల్లాపూర్ దిక్కట.

మీ ఊరే. ఆమె మీ దగ్గరికి వస్తున్నదా? వస్తుంటే ఆ సంగతి నాకు ముందే రాసి ఉండవలసింది.

గోపయ్య

*

కొల్లాపూర్,
8 నవంబరు 1948

మరిదీ,

కుశలం అడిగే ఓపిక లేదు, సంగతికే వస్త.

ఆమె నా దగ్గరికి రాలె. నువ్వట్ల అనుకున్నందుకు నాకు దుఃఖమైంది. అయినా వచ్చింది, ఊర్లెకు వచ్చింది. అంగడినాడు నా కండ్లతోని చూసిన. సంకల పచ్చగుడ్డ మూట ఉన్నది. సవరాలు అమ్మే పూసలామె ముంగటనుండి పోతున్నది. నేననుకున్నదే నిజమని ఎనుక ఎనుకనే పోయిన. మూటల నుండి జుట్టు కొస కనపడ్డదో ఏమో, పూసలామె ‘ఎంతకిస్తవమ్మా దాన్ని, మంచి ధర కడ్త’ అని పిలిచింది. జంగమ్మ మూట రొమ్ముకు అదుముకొని, ‘దీనికి ధర లేదు’ అని నడిచింది.

నడిచి ఏం కొన్నదో ఇను. పసుపు కొన్నది. కుంకుమ కొన్నది. టెంకాయ, నిమ్మకాయలు కొన్నది. సిలువకు మొక్కే మనిషికి పసుపు కుంకుమలతోని ఏం పని? సచ్చినామె జుట్టు, పసుపు, కుంకుమ, నిమ్మకాయ. నువ్వు చదువుకున్నోనివి, నవ్వుతవ్. మాకు మాత్రం అర్థమైంది. బాణామతి.

ఈదమ్మ గుడి పూజారి బీరప్ప ఏడి అని అడిగిందట. ఆయన గొర్లు తోలుకొని పోయిండు, పై వారం మంగళారం దాక రాడు. వచ్చేదాక ఉంటనని పాలెంల చుట్టాలింట్ల దిగింది. గుడి ఎనుక పొద్దుగూకేటాళ్ల నిలవడ్డదని ఇద్దరు చెప్పిండ్రు. గా తెల్లారి నుండి మంజులతకు చలిజ్వరం. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. చెల్లెను తిన్నది చాలదా, నా బిడ్డె మీద పడ్డదా?

ఊరు ఊరంత గిదే మాట. మీ అన్న ఉడికిపోతున్నడు. ఆయనను నేనే ఆపిన. గోపయ్యను అడుగుదం, పెండ్లాం ఆయనది, జుట్టు గుడ ఆయనదే అన్న. గీ కాయితం లారీ డ్రైవరు తెచ్చిస్తడు, జవాబు ఆయన చేతనే పంపు. జల్ది.

గోవిందమ్మ

*

నల్లగొండ,
12 నవంబరు 1948

వదినె గారికి,

బాణామతి అనేది లేదు. మంజులతకు క్వినైన్ ఇప్పించండి.

అయితే జంగమ్మ అబద్ధమాడుతున్నదనడంలో నాకు అనుమానం లేదు. చనిపోయినామె జుట్టు దాచుకొని ఊళ్లు తిరిగే మనిషిని రోగుల దగ్గర కూర్చోబెట్టకూడదు. బలవంతపు మతమార్పిడి అని దవాఖాన దొరకు ఇంగ్లీషులో అర్జీ రాశాను.

ఆ జుట్టు మనది. ఆమె చేతిలో ఉన్నది తీసుకోండి. లోపల ఉన్నదేమిటో, ఎందుకు తెచ్చిందో చెప్పించండి.

గోపయ్య

*

కొల్లాపూర్,
30 నవంబరు 1948

మరిదీ,

ఎట్ల మొదలువెట్టాల్నో తెలుస్తలేదు. జరిగినది జరిగినట్టు రాస్త. మధ్యల నన్ను తిట్టుకోకు, ఆఖరి దాక చదివి తిట్టుకో.

నీ కాయితం సోమారం అందింది. బాణామతి లేదని రాసిన ముక్క మీ అన్న చదువలె. ‘చేతిలో ఉన్నది తీసుకోండి, చెప్పించండి’ అన్న ముక్క పదిమందిల నిలవడి గట్టిగ చదివిండు. కాలేజి చదువుకున్న మొగుడే రాసిండు, ఇంక మనకేం అడ్డం అన్నడు.

మంగళారం పొద్దున ఆమె ఈదమ్మ గుడి కాడికి వచ్చింది. గుళ్లెకు పోలె, బయటనే మోదుగు చెట్టు కింద నిలవడ్డది. మీ అన్న, ఇంకా నలుగురు చుట్టుముట్టిండ్రు. మూట ఇయ్యి అన్నరు. ఇయ్య అన్నది. ఏం తెచ్చినవ్ అన్నరు. చెప్ప అన్నది. ఎవల మీద చేస్తున్నవ్ అన్నరు. మూట కడుపుల పెట్టుకొని నేల మీద బోర్ల వంగింది. ఎంత గుంజినా చేతులు ఇడువలె.

బాణామతోళ్లకు పండ్లు రాలగొడ్తె మంత్రం పలుకదని మనోళ్ల నమ్మకం. నీకెర్కనే. గుండ్రాయి మీ అన్న చేతులనే ఉండె. ముందటి పండ్లు రెండు పోయినయి.

నేను ఆడనే ఉన్న మరిదీ. మంజులత జ్వరం మతిల పెట్టుకొని చూసుకుంట నిలవడ్డ.

గప్పుడు బీరప్ప వచ్చిండు. ముసలాయన, ఒర్రలె, ఎవల్ని అన్లె. ఆమె ముంగట గొంతుకూసుండి మూట మీద చెయ్యి పెట్టిండు. ఆయన చెయ్యి పెడ్తె ఆమె కాదనలె. జర సేపు గా ముడి దిక్కు చూసి, నన్ను పిలిచిండు.

“గోవిందమ్మా, గీ ముడి ఎవలిదో చూడు” అన్నడు.

చూసిన. గుడ్డ నా రైక గుడ్డ. దవాఖానల కౌసల్య తుడుచుకోనీకని నేనే చింపి ఇచ్చిన. పసుపుల ముంచి ఆరవెట్టింది. ముడి మా అమ్మ ముడి. మూడు మలుపులు తిప్పి, నడుమ పసుపు కొమ్ము గుచ్చి, కొసలు లోపలికి దోపుడు. ఊర్లె ఇంకెవలు గట్ల కట్టరు. మా అమ్మ నాకు, కౌసల్యకే నేర్పింది. బాణామతి కాదు, ముడుపు. ఈదమ్మకు మొక్కుకొని కౌసల్య చేతులతోని కట్టిన ముడుపు. మొక్కు తీరి దేవత ముంగట పెట్టేదాక ముడుపు విప్పొద్దు, సంగతి నోట్లెనుండి రావొద్దు. గది మేము చిన్నప్పటినుండి ఇన్నదే.

ఆమె మూట బీరప్పకిచ్చింది. బీరప్ప ఈదమ్మ ముంగట విప్పిండు. జుట్టు జడ జడగనే ఉన్నది. పసుపు చల్లి, టెంకాయ కొట్టి, కృష్ణకు తీస్కపోయి ఇడిసిండు. గది నీళ్లల్ల కలిసినంక ఆమె నోట్ల కొంగు తీసి, ఇప్పుడు చెప్పొచ్చు అన్నది.

నువ్వు ప్రాణంతోని జేలు నుండి వస్తె తలవెంట్రుకలు ఇస్తనని కౌసల్య మొక్కిందట. తాను బతుకనని తెలిసినంక జంగమ్మ చేత జుట్టు కోపిచ్చి, ముడుపు కట్టి చేతికిచ్చిందట. నా పెనిమిటిని నువ్వు కండ్లార చూసినంకనే తీస్కపో, చేతులు కాళ్లు మంచిగున్నయో లేదో చూడు, ఆయనకు మాత్రం చెప్పకు, మొక్కులంటె నవ్వుతడు అన్నదట. ఇంకో మాట. పుస్తెలు దవాఖానోళ్లు తీసి సంచిల ఏస్తె, పూడ్చే ముందు గీ జంగమ్మనే మెడల పసుపు కొమ్ము కట్టి, బొట్టు పెట్టిందట. సిలువ ఒద్దన్నది గుడ ఆమెనే.

ఇంత దెబ్బలు తినేకన్న ముందే ఒక్క మాట చెప్తె పోకపాయెనా అని నేను ఏడ్చిన. నన్ను చూసి ఏమన్నదో ఎర్కేనా?

“ముడుపు ఇయ్యకముందు చెప్తె మొక్కు చెల్లదని ఆమె నమ్మింది. నేను నమ్మ. మొక్కు నాది కాదు గద.”

మంజులతది మలేరియా జ్వరమట. గది గుడ ఆమెనే చూసి చెప్పింది, నోట్ల గుడ్డ పెట్టుకొని. మందుతోని తగ్గింది.

మీ అన్న గానాటి నుండి పడసాల దాటి వస్తలేడు. ఏమన్న అంటె, గోపయ్య రాసిండు గద అంటడు.

గోవిందమ్మ

*

నల్లగొండ,
23 జనవరి 1949

వదినెకు,

నీ ఉత్తరానికి జవాబు రాయడం ఆలస్యమైంది. రాయడానికి కూర్చుంటే నేను రాసిన ఆ పాత వాక్యమే కనిపించేది. అది రాసింది నేను. అన్నను అనడానికి నాకు నోరు లేదు.

దవాఖానకు పోయి దొరను చూశాను. అర్జీ వాపసు తీసుకుంటానన్నాను. దాన్ని ఎప్పుడో కొట్టేశామన్నాడు. బాప్తిస్మాల పుస్తకంలో కౌసల్య పేరు లేదు. అయితే కొల్లాపూర్ సంగతి వారికి తెలిసింది. విగ్రహానికి ముడుపు మోసిన మనిషి తమ రోగులకు ప్రార్థన చేయరాదని జంగమ్మను పనిలో నుండి తీసేశారు. చచ్చిపోయే మనిషికి ఇచ్చిన మాట అన్నాను. అటువంటి మాట ఇవ్వకుండా ఉండవలసింది అన్నాడు. చాలాసేపు వాదించాను. అర్జీ పెట్టడానికి పనికొచ్చిన ఇంగ్లీషు ఇందుకు పనికి రాలేదు.

ఆమె రోజూ వస్తూనే ఉన్నది. జీతం లేదు. పీట తీసేశారు కనుక మంచాల పక్కన నేల మీద కూర్చుంటున్నది. ఆడవాళ్ల వార్డులో డాక్టరమ్మ చూసీ చూడనట్టు ఉంటుంది. మగవాళ్ల వైపు పోనివ్వరు.

నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. పళ్లు పోయినందుకు పాటకు ఈల తోడైందని, పసిపిల్లలు మాత్రం మునుపటికంటే ఎక్కువ వింటున్నారని చెప్పింది. కౌసల్యకు బాప్తిస్మం ఇవ్వాలని నిజంగా ఉండెనా అని అడిగాను. మస్తు ఉండె, ఇంకోసారి అడుగుదామనుకున్న, అంతల పాయె అన్నది. ఆమె దాచలేదు. నేను అడిగిన మొదటి రోజు కూడా ఇదే చెప్పింది. నేనే వినలేదు.

కౌసల్య ఇంకా ఏమన్నదని అడిగాను.

“మొక్కు చెల్లింది గనుక గది చెప్పిన. మిగిలింది మంచం కాడిది సారూ.”

మళ్లీ అడగలేదు.

మొక్కులంటే నేను నవ్వుతానని కౌసల్య అన్నదట. పిల్లల కోసం ఒకసారి మొక్కుకుంటానంటే నవ్వాను. తర్వాత ఎన్నడూ నా ముందు ఆ మాట ఎత్తలేదు. మానేసిందనుకున్నాను.

దవాఖాన ఉన్న ఊరి బడికి బదిలీ అడిగాను. మంజులతను చదువు మానవద్దను.

గోపయ్య

*

కొల్లాపూర్,
29 సెప్టెంబరు 1949

మరిదీ, వదినె దీవెన.

మల్ల ‘నువ్వు’ అని రాస్తున్నవ్, గంతనే చాలు నాకు. పెత్రమాస పోయిన గురువారం అయింది. అవ్వ పేరు, అమ్మ పేరు, కౌసల్య పేరు చెప్పి బియ్యం ఇచ్చిన. మీ అన్న ఏం అన్లె. చెంబుతోని నీళ్లు ఆయననే తెచ్చిచ్చిండు.

గీ కాయితం పోస్టుల ఏస్తలేను. మన కురుమయ్య చేతికిస్తున్న, నీ చేతిలనే పెడ్తడు. ఎందుకంటె మాకు పెద్ద ఫికరు పట్టుకున్నది.

అమ్రాబాద్ అడవి దిక్కు నుండి తూటా తగిలినాయనను ఎవలో బండిల తెచ్చి మీ దవాఖానల పండవెట్టిండ్రట. పేరు ఎల్లయ్య అని రాపిచ్చిండట, అసలు పేరు సాయిలు, మీ కేతేపల్లి మనిషేనట. పోయిండని తెలిసింది. ఆఖరు ఘడియల నువ్వే పక్కన కూసున్నవని, ఇద్దరే మాట్లాడుకున్నరని, మిలిటరీ జమేదారు నిన్ను పిలిచి అడిగిండని గుడ తెలిసింది.

ఎండకాలంల ఆకలితోని మా ఇంటికి వచ్చినోళ్లకు మీ అన్న జొన్నలు పోసిండు. ఎవలని అడుగలె, అడిగితె బాగుండదని అడుగలె. గాళ్లల్ల గీ సాయిలు ఉన్నడేమో. ఈడ క్యాంపుల పేర్లు రాసుకుంటున్నరు. పేరు రాసిన ఇంటి మొగోళ్లు మల్ల వస్తలేరు.

గాయన ఎవలెవల పేర్లు చెప్పిండో, మీ అన్న పేరు చెప్పిండో లేదో, నువ్వు జమేదారుకు ఏం చెప్పినవో జర రాయి. చెప్పి ఉంటె చెప్పు, నది దాటి కర్నూలు దిక్కు పోతం. మీ అన్నకు ముద్ద దిగుతలేదు. ఎందుకు చెప్పవని ఒకామెను కొట్టినాయన, చెప్పిండొ ఏమొ అని ఇప్పుడు గడగడ వణుకుతున్నడు.

ఆమెకు ఒక చీర పంపుతున్న. తీసుకోకుంటె నువ్వేం బలవంతం చెయ్యకు.

గోవిందమ్మ

*

2 అక్టోబరు 1949

వదినెకు నమస్కారం.

కురుమయ్య నీ ఉత్తరం, చీర అందించాడు. చీర జంగమ్మకు ఇచ్చాను. అంచు తిప్పి చూసి, మంచిగున్నది అన్నది. తీసుకున్నది.

పేరు చెప్పి బియ్యం ఇచ్చినందుకు సంతోషం. మా పెద్దనాయిన కూడా ఈసారి అడ్డం చెప్పలేదట. సమాధి మీది రాయి వానలకు ఒరిగింది. నిన్న సరిచేశాను.

ఆదివారాలు నేను సమాధి దగ్గరికి పోతాను. సాయిలు పోయిన రోజు అక్కడికి జంగమ్మ వచ్చింది. మగవాళ్ల వార్డులో ఒకాయన భయంతో కొట్టుకుంటున్నాడని, తనను పోనివ్వరని, మాట చూస్తే మా దిక్కు మనిషిలా ఉన్నాడని, పోయి కూర్చొమ్మని అన్నది. నాకు ప్రార్థనలు రావు, ఏం చెప్పాలి అన్నాను.

“మీరేం చెప్పొద్దు. ఊకె కూసోండ్రి. చెప్తె ఆయనే చెప్తడు. చెప్పకుంటె ఇంకా మంచిది.”

పోయి కూర్చున్నాను. అతను చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. పొద్దు వాలేదాకా అట్లాగే ఉన్నాము. వాళ్ల అమ్మకు చెప్పమన్న మాట ఒకటి ఉన్నది. దాన్ని కేతేపల్లికి పోయి ఆమెకే చెప్పి వచ్చాను.

జమేదారు మర్నాడు బడికి వచ్చాడు. అతను ఎవరి పేర్లు చెప్పాడని అడిగాడు. నీళ్లడిగాడన్నాను. ఇంకా ఏమన్నాడని అడిగాడు. నీళ్లే అన్నాను. అంతసేపు కూర్చొని నీళ్లేనా అని నా ముఖం చూశాడు. చదువుకున్నవాళ్లను నమ్మరాదని పక్కనున్న జవానుతో అన్నాడు. రెండోసారి పిలిపించాడు. రెండోసారి కూడా నీళ్లే అన్నాను. మూడోసారి పిలిస్తే మూడోసారి కూడా అదే.

కర్నూలు పోయే పని లేదు. అన్నను అన్నం తినమను.

నువ్వు అడిగినదానికి జవాబు ఇది. సాయిలు నీళ్లడిగాడు. ఇచ్చాను. నీకైనా ఇంతే, వదినె.

గోపయ్య